గేమింగ్‌కి రెండు ప్రాసెసర్లా, ఒకటే చాలా? డబ్బు పెట్టేముందు చూసుకోవాల్సినవి

ముందే చెప్పేస్తా: గేములు ఆడటమే మీ ముఖ్యమైన పని అయితే ఒక్క ప్రాసెసర్ సిస్టమే కొనండి, రెండోదానికి పెట్టాలనుకున్న డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. విషయం ఇంతే అయినా పొడుగ్గా రాయాల్సి వస్తోంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో "డ్యూయల్ జియాన్, 28 కోర్లు, 56 థ్రెడ్లు" అని బోర్డు, రెండు ప్రాసెసర్లు, ర్యామ్ కలిపి కిట్లు అమ్ముతున్నారు, ఆ నంబర్లు చూసి మన కుర్రాళ్ళు టెంప్ట్ అయిపోతున్నారు. జియాన్ అంటే ఇంటెల్ సర్వర్ల కోసం చేసే ప్రాసెసర్, కోరు అంటే చిప్పు లోపల విడిగా పనిచేసే భాగం, థ్రెడ్ అంటే ఆ కోరు ఒకేసారి నడపగలిగే ఒక్కో పని వరస, ఇక్కడ కోరుకి రెండు. మన వైజాగ్ ద్వారకానగర్‌లో షాపుకెళ్ళి ఏఎండీ వాళ్ళ ఆరు కోర్ల రైజెన్‌తో కొత్త సిస్టమ్‌కి కొటేషన్ రాయించుకుని, ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ కిట్టు రేటు చూస్తే, ఇక్కడ 28 వస్తుంటే అక్కడ ఆరు ఎందుకు కొనాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. అడగాల్సిన ప్రశ్నే అది.

రెండు ప్రాసెసర్లంటే బోర్డు మీద రెండు సాకెట్లు, వాటిలో విడివిడిగా రెండు చిప్పులు, రెండు కూలర్లు, ఒక్కో చిప్పుకి సొంత ర్యామ్ స్లాట్లు. డ్యూయల్ కోర్ వేరు, అది ఒకే చిప్పులో రెండు కోర్లు, 2005లో పెంటియం డీ, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నప్పుడు అమ్మేవాళ్ళు ఈ రెండూ కలిపేస్తుంటారు కాబట్టి అక్కడే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. సాకెట్స్ అనే చోట 2 ఉంటేనే రెండు ప్రాసెసర్లు, 1 ఉంటే ఒకటే, ఎవరు ఏం చెప్పినా సరే.

ఇప్పుడు అసలు సంగతి. 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు, 144 కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఆ కాస్త టైములోనే గేము మీరు నొక్కిన మీట ఏంటో చూడాలి, ఎవరు ఎక్కడున్నారో లెక్క వేయాలి, దేనికి ఏది తగిలిందో తేల్చాలి, ఆ తర్వాత ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పాలి. వీటిలో చాలా భాగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సినవే, ముందుది తేలకుండా వెనకది మొదలవ్వదు, అందుకే ఆ పని మెయిన్ థ్రెడ్ అనే ఒక్కదాని మీద పడుతుంది. వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళున్నారని అన్నం సగం టైములో ఉడకదు కదా, ఇదీ అంతే.

లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకి అనుకున్న అంకెలే, ఏ గేములోనూ కొలిచినవి కావు. ఒక ఫ్రేముకి ప్రాసెసర్ పని మొత్తం 20 మిల్లీసెకన్లు అనుకోండి, అందులో 8 మెయిన్ థ్రెడ్‌ది, పంచడానికి కుదరదు, మిగతా 12 ఎన్ని కోర్లకైనా పంచుకోవచ్చు. ఆరు కోర్లుంటే 12ని ఆరుతో భాగిస్తే 2, దానికి ఆ 8 కలిపితే 10 మిల్లీసెకన్లు, అంటే 100 ఎఫ్‌పీఎస్. 28 కోర్లుంటే పంచగలిగే భాగం అర మిల్లీసెకను కంటే తగ్గిపోతుంది కానీ ఆ 8 అలాగే కూర్చుంటుంది, మొత్తం 8.4 దగ్గర ఆగి 118 ఎఫ్‌పీఎస్ వస్తుంది. కోర్లు నాలుగున్నర రెట్లు పెరిగితే దక్కింది ఆ 18 ఫ్రేములు, అదీ రెండు రకాల కోర్లూ ఒకే స్పీడులో పనిచేస్తేనే. పాత సర్వర్ చిప్పు కోరు అదే పనికి ఒకటిన్నర రెట్లు టైము తీసుకుంటే 8.4 కాస్తా 12.6 అయి 79 ఎఫ్‌పీఎస్‌కి పడిపోతుంది.

ఆ ఒకటిన్నర కూడా నేను పెంచి చెప్పింది కాదు, తగ్గించి చెప్పిందే. ఈ కిట్లలో ఎక్కువగా కనబడే జియాన్ ఈ5-2680 వీ4 చిప్పు 2016 నాటిది, 14 కోర్లు, బేస్ క్లాక్, అంటే మామూలు స్పీడు, 2.4 గిగాహెర్ట్జ్, ఎంత తోసినా ఒక్క కోరు మీద 3.3 దాటదు. రైజెన్ 5 5600 వచ్చింది 2022లో, ఆరు కోర్లే, 4.4 దాకా వెళ్తుంది, పైగా ఒక్కో క్లాక్‌కి చేసే పని కూడా ఎక్కువ. 2022లోనే వచ్చిన ఇంటెల్ ఐ5-12400ఎఫ్ కూడా ఆరు కోర్లతో 4.4 దాకానే. ఒంటి కోరు పోటీలో ఆ జియాన్ వీటి దరిదాపుల్లోకి కూడా రాదు.

గాజువాకలో ఉండే మా పిన్ని కొడుకు దగ్గర ఇలాంటి డ్యూయల్ సిస్టమ్ ఉంది. గేము ముక్కలు ముక్కలుగా కదులుతోందని ఫోన్ చేసి, "అన్నా, సీపీయూ 9 శాతమే చూపిస్తోంది, గ్రాఫిక్స్ కార్డు 45 దగ్గరే ఉంది, ఎవరూ కష్టపడట్లేదు, మరి గేము ఎందుకు ఆగుతోంది, ఏటిది?" అన్నాడు. ఆ 9 శాతమే అసలు మోసం. 56 థ్రెడ్లలో ఒక్కటి నూటికి నూరు శాతం నడుస్తుంటే మొత్తం మీద అది 1.8 శాతంగా కనబడుతుంది. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్‌కి మార్చమన్నాను, 56 చిన్న గళ్ళు వచ్చాయి, వాటిలో నాలుగైదు గళ్ళు మాత్రం పైదాకా నిండుతూ ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతున్నాయి, మిగతావన్నీ నేలకి అతుక్కుని ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు 45 దగ్గరే ఉండిపోవడానికి కారణం దానికి పని అందించేవాడు వెనకబడిపోవడం. మీ దగ్గర ఇప్పుడున్న సిస్టమ్‌లో కూడా లోపం ఎక్కడుందో ఇలాగే చూసుకోవచ్చు. గేములో రిజల్యూషన్ బాగా తగ్గించి ఆడండి, ఎఫ్‌పీఎస్ పెరిగితే మీకు కావాల్సింది మంచి గ్రాఫిక్స్ కార్డు, పెద్దగా పెరగలేదంటే ప్రాసెసర్ దగ్గరే ఇరుక్కుంది. కొత్తది కొనకముందే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

రెండు సాకెట్ల వల్ల ఉపయోగం లేకపోవడమే కాదు, ఒక్కోసారి నష్టం కూడా. ర్యామ్ సగం ఒక చిప్పు కింద, సగం ఇంకో చిప్పు కింద ఉంటుంది. మొదటి చిప్పు మీద నడుస్తున్న గేముకి రెండో చిప్పు ర్యామ్‌లో ఉన్న డేటా కావాలంటే మధ్యలో క్యూపీఐ అనే లింకు దాటి వెళ్ళి తెచ్చుకోవాలి, సొంత ర్యామ్‌తో పోలిస్తే ఆలస్యం అవుతుంది. దీన్నే నూమా అంటారు. సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఇది లెక్కలోకి తీసుకుని రాస్తారు, గేములు రాసేవాళ్ళకి ఆ అవసరం రాదు, ఎందుకంటే పీఎస్5 అయినా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయినా ఉన్నది ఎనిమిది కోర్ల చిప్పు ఒక్కటే, పెద్ద గేములన్నీ వాటిని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. గ్రాఫిక్స్ కార్డుదీ ఇదే కథ, అది పెట్టిన స్లాటు ఏదో ఒక చిప్పుకే కలిసి ఉంటుంది, గేము రెండో చిప్పు మీద నడిస్తే కార్డుకి వెళ్ళే ప్రతి మాటా ఆ లింకు మీదుగానే పోవాలి. సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనబడి మధ్యమధ్యలో కుదుపులు రావడానికి ఇదొక కారణం. అందుకే ఏ రివ్యూ చూసినా సగటు ఒక్కటే కాకుండా 1 శాతం లో అనే అంకె (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల్లో ఎఫ్‌పీఎస్) కూడా చూడండి, చేతికి తెలిసేది అదే.

నా మాట మీద నమ్మకం లేకపోతే తయారు చేసినవాళ్ళు ఏం చేశారో చూడండి. 2017లో ఏఎండీ 16 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ తెచ్చినప్పుడు దాంతోపాటు గేమ్ మోడ్ అని ఒకటి ఇచ్చింది, అది ఆన్ చేస్తే ఆ చిప్పులో సగం కోర్లు ఆగిపోతాయి! 2023లో వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్3డీలో కూడా కోర్లు రెండు ముక్కలుగా ఉంటాయి, గేము మొదలవ్వగానే దాన్ని ఎక్కువ క్యాష్ (చిప్పు లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఉన్న ముక్క మీద ఉంచి రెండోదాన్ని పడుకోబెట్టేలా డ్రైవర్ రాశారు. ఒకే చిప్పు లోపల ఉన్న దూరానికే ఇంత జాగ్రత్త తీసుకుంటే, బోర్డుకి ఆ చివర ఉన్న సాకెట్ గురించి వేరే చెప్పాలా.

రెండు ప్రాసెసర్లతో గేమింగ్ మోజు కొత్తదేమీ కాదు. 1999లో అబిట్ కంపెనీ బీపీ6 అని ఒక బోర్డు తెచ్చింది, చవక సెలెరాన్లు రెండు పెట్టుకోవచ్చు, అదే ఏడాది వచ్చిన క్వేక్ 3 ఎరీనాలో రెండో ప్రాసెసర్‌ని వాడుకునే సెట్టింగు కూడా ఉండేది, కాకపోతే అప్పుడు ఇళ్ళలో ఉన్న విండోస్ 98కి రెండో ప్రాసెసర్ ఉన్నట్టే తెలీదు. 2006లో ఏఎండీ క్వాడ్ ఎఫ్ఎక్స్, 2008లో ఇంటెల్ స్కల్‌ట్రెయిల్ అని గేమర్ల కోసమే రెండు సాకెట్ల ప్లాట్‌ఫామ్‌లు తెచ్చాయి. రెండూ నిలవలేదు.

అయినా సరే కిట్టే కొంటానంటే కనీసం ఈ చిక్కులు తెలిసి కొనండి. విండోస్ హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌నే గుర్తిస్తుంది, రెండూ పనిచేయాలంటే ప్రో కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారిక లిస్టులో ఈ పాత జియాన్లు లేవు, దొంగదారిన ఎక్కించుకున్నా వాలరెంట్ లాంటి గేము విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాల్సిందే అంటుంది, ఆ తరం బోర్డుల్లో చాలావాటికి టీపీఎం 2.0 ఉండదు. మీరు రోజూ ఆడేది అదొక్కటే అయితే ఇక ఈ కిట్ల వైపు చూడకండి. ఇంకా చవగ్గా దొరికే ఈ5 వీ1, వీ2 చిప్పులకి ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్లు లేవు, కొత్త గేముల్లో కొన్ని అవి లేకపోతే తెరుచుకోవు కూడా. వీటితో వచ్చే ర్యామ్ చాలావరకు సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ రకం, రేపు మామూలు సిస్టమ్‌కి మారితే అందులో పనిచేయదు. బోర్డు చాలాసార్లు ఇళ్ళలో వాడే ఏటీఎక్స్ సైజు కంటే పెద్దది, ఇప్పుడున్న క్యాబినెట్‌లో పట్టదు, ప్రాసెసర్ పవర్ కోసం 8 పిన్ కేబుల్ ఒకటి కాదు రెండు కావాలి, చిన్న పవర్ సప్లైల్లో ఒకటే వస్తుంది.

కంపెనీలు తీసేసిన హెచ్‌పీ జెడ్840, డెల్ టీ7810 లాంటి వర్క్‌స్టేషన్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. కట్టుబడి గట్టిదే, నాకూ ఇష్టమే. కానీ వాటి పవర్ సప్లై, బోర్డు, కనెక్టర్లు ఆ మోడల్‌కే సరిపోతాయి, బయట దొరికే మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై వాటికి పట్టదు. అది పోయిందంటే మన ఊళ్ళో వెతికి ప్రయోజనం ఉండదు, సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్లో ఎవరైనా తెలిసినవాళ్ళని పట్టుకోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వచ్చేదాకా సిస్టమ్ మూసి కూర్చోవాలి.

ఇక మన వైజాగ్ సంగతులు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత మీకు తెలుసు, ఏసీ లేని గదిలో ఒక్కోటి 120 వాట్ల చిప్పులు రెండు, దానికి తోడు గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని తలుపు మూసి ఆడితే గంటకల్లా బనియన్ తడిసిపోతుంది. కరెంటు లెక్క కూడా చూడండి: ఒంటి ప్రాసెసర్ సిస్టమ్ కంటే 150 వాట్లు ఎక్కువ లాగుతుందనుకుంటే, రోజుకి ఐదు గంటల చొప్పున నెలకి 22 యూనిట్లు దాటుతుంది, ఈపీడీసీఎల్ బిల్లు స్లాబుల్లో నడుస్తుంది కాబట్టి మీ ఇల్లు స్లాబు అంచున ఉంటే ఆ 22 యూనిట్లే పై రేటులో పడతాయి. తుఫాను సీజన్‌లో కరెంటు పోయి వస్తుంటుంది, యూపీఎస్ తప్పదు, మామూలుగా అమ్మే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల చుట్టుపక్కలే, డ్యూయల్ సిస్టమ్ గేము మధ్యలో ఉండగా కరెంటు పోతే అది కీచుమని అక్కడే ఆగిపోవచ్చు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళకి ఉప్పుగాలి, మల్కాపురం, జ్ఞానాపురం వైపు పోర్టు దుమ్ము. ఏసీ సర్వర్ రూముల్లో పనిచేసి వచ్చిన పాత బోర్డులకి ఈ గాలి అలవాటు లేదు, మనం కొనేసరికి వాటి వయసూ అయిపోయి ఉంటుంది. ర్యామ్ తీసి కింద బంగారు రంగు పళ్ళ మీద నల్ల మచ్చలు, సాకెట్ చుట్టూ ఆకుపచ్చ పొర ఉన్నాయేమో చూడందే డబ్బు ఇవ్వకండి.

రెండు ప్రాసెసర్లు ఎవరికి పనికొస్తాయంటే, బ్లెండర్ లాంటి వాటిలో ప్రాసెసర్ మీద రెండరింగ్ చేసేవాళ్ళకి, నాలుగైదు వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడిపి నేర్చుకునేవాళ్ళకి, పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసేవాళ్ళకి. రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ ఇంట్లో ల్యాబ్ పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఈ కిట్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, సందేహం లేదు. గేము ఆడుతూ స్ట్రీమింగ్ చేస్తాను, అందుకు రెండోది కావాలి అనేవాళ్ళు మాత్రం ఆగాలి. ఎన్‌విడియా కార్డుల్లో వీడియో ఎన్‌కోడ్ చేయడానికి ఎన్వెంక్ అనే విడి భాగం ఎప్పుడో 2012 నుంచే ఉంది, స్ట్రీమింగ్ భారం అదే మోస్తుంది.

ఇప్పటికే డ్యూయల్ ఉన్నవాళ్ళు బాధపడాల్సిన పని లేదు, ఉన్నదాంట్లోనే కొంత రాబట్టుకోవచ్చు. ర్యామ్ రెండు చిప్పులకీ సమానంగా పంచి పెట్టండి, ఒక్కోదానికి ర్యామ్‌కి వెళ్ళే దారులు, అంటే ఛానెళ్ళు, నాలుగు ఉంటాయి, అన్నీ నింపగలిగితే మేలు. బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ అనేది ఆఫ్‌లో ఉంచండి, అప్పుడే ఏ ర్యామ్ ఏ చిప్పుదో విండోస్‌కి తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డుని మొదటి చిప్పుకి కలిసిన స్లాటులోనే పెట్టండి, ఏ స్లాటు ఎవరిదో బోర్డు మాన్యువల్లో ఉంటుంది. ఆ తర్వాత గేము నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి, దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి, సెట్ ఎఫినిటీలో మొదటి చిప్పువి మాత్రమే ఉంచి మిగతా టిక్కులు తీసేయండి, 56 థ్రెడ్ల సిస్టమ్‌లో అయితే మామూలుగా 0 నుంచి 27 వరకు. గేము తెరిచిన ప్రతిసారీ ఇలా చేయాలి, పైగా యాంటీచీట్ (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న గేములు కొన్ని దీన్ని ఒప్పుకోవు. మా పిన్ని కొడుకు సిస్టమ్‌లో ఇలా చేస్తే ఎఫ్‌పీఎస్ అంతంతమాత్రంగానే పెరిగింది కానీ కుదుపులు బాగా తగ్గాయి. రెండో చిప్పు తీసేస్తే పోలా అంటారేమో, తీయొచ్చు, కానీ దాని కింద ఉన్న ర్యామ్ స్లాట్లు, దానికి కలిసిన పీసీఐ స్లాట్లు కూడా చచ్చిపోతాయి.

కొత్తగా కొనేవాళ్ళు ఒంటి ప్రాసెసర్‌లో ఏం చూడాలంటే, ముందు ఒక్క కోరు స్పీడు, తర్వాత క్యాష్, ఆ తర్వాతే కోర్ల సంఖ్య. ఆరు కోర్లు చాలు, ఎనిమిది ఉంటే నిశ్చింత, అంతకు మించి గేముల కోసం కొనక్కర్లేదు. క్యాష్ ఎందుకంటున్నానంటే, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ఎనిమిది కోర్లతోనే 96 ఎంబీ ఎల్3 క్యాష్ పెట్టుకుని, క్లాక్ తక్కువైనా గేముల్లో తన అన్న 5800ఎక్స్‌ని దాటేసింది. బడ్జెట్ తక్కువైతే 5600 గానీ 12400ఎఫ్ గానీ తీసుకోండి, రెండింటికీ డీడీఆర్4 ర్యామ్ సరిపోతుంది, 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎలా ఎగిరాయో చూశాక పాత డీడీఆర్4 స్టిక్కులు మీ దగ్గర ఉంటే అదే పెద్ద కలిసొచ్చే విషయం. 5600, 5600జీ ఒకటే అని ఎవరైనా అంటే నమ్మకండి, జీలో లోపల గ్రాఫిక్స్ ఉంటుంది కానీ ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, 5600లో 32. గ్రాఫిక్స్ కార్డు కొనే ఉద్దేశం ఉంటే జీ వద్దు. ఇంకొన్నేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటాననుకుంటే ఏఎండీ ఏఎం5 సాకెట్ వైపు వెళ్ళండి, ఖర్చు ఎక్కువే, కానీ ఆ సాకెట్‌ని 2027 దాటే వరకు కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 దొరికితే మాత్రం ముందు బయోస్ అప్‌డేట్ అయిందో లేదో అడగండి, వోల్టేజి సమస్యతో కొన్ని చిప్పులు పాడయ్యాయి, ఇంటెల్ 2024లో దానికి మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్ సవరణ) ఇచ్చి వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది.

షాపులో చివరిగా ఒకటి అడగండి: ప్రాసెసర్ బాక్సుదా, ట్రేదా? ట్రే అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చేది, కాస్త చవక, కానీ బాక్సుకి రైజెన్ మీద కంపెనీ ఇచ్చే మూడేళ్ళ వారంటీ దీనికి ఉండదు, అమ్మినవాళ్ళు ఎంత రాసిస్తే అంతే. ట్రే తీసుకుంటే కూలర్ కూడా రాకపోవచ్చు, దాని రేటు కలుపుకుని లెక్క చూసుకోండి, సీరియల్ నంబర్, వారంటీ ఎన్నాళ్ళో రెండూ బిల్లు మీదే రాయించుకోండి.